సీటు రంగు ఎన్నిచోట్ల తేల్చాలి? స్క్రీన్ కోడ్‌లో చిక్కును కొలవడం, తగ్గించడం

సంక్రాంతికి ఊరెళ్లే బెంగళూరు తెలుగువాళ్లందరికీ బాగా తెలిసిన స్క్రీన్ ఒకటుంది. బస్సు బొమ్మ, అందులో వరుసగా గళ్లు. కొన్ని తెల్లగా, కొన్ని బూడిద రంగులో, కొన్ని గులాబీ రంగులో. మడివాళలో ఎక్కాలా, టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఎక్కాలా అన్నది తర్వాతి సంగతి, ముందు కిటికీ పక్క గడి దొరికితే చాలు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక ఆఫీసులో నేను నాలుగేళ్లుగా ఆ గళ్ల స్క్రీన్ మీదే పనిచేస్తున్నాను.

కిందటేడు మా టీమ్‌లో తాడిపత్రి కుర్రాడు ఒకడు చేరాడు. మొదటి వారం వాడికి చిన్న పనే ఇచ్చాను. మనం హోల్డ్‌లో పెట్టిన, అంటే డబ్బు కట్టేదాకా కాసేపు మన కోసం ఆపి ఉంచిన సీటు గడువు ఇంకో నిమిషంలో తీరుతుందనగా గడి రంగు మారాలి, అంతే. సాయంత్రానికి మొహం వేలాడేసుకుని వచ్చాడు. "అక్కా, ఈ ఫంక్షన్‌లో ఎక్కడ చెయ్యి పెట్టినా ఇంకెక్కడో కదులుతోంది. ఇది నిజంగానే ఇంత చిక్కుగా ఉందా, నాకే అర్థం కావట్లేదా? కొలిచే లెక్క ఏదైనా ఉంటే చెప్పు" అన్నాడు. లెక్కలున్నాయి, ఒకటి కాదు చాలా ఉన్నాయి. అయితే ఏ లెక్క దేన్ని చూస్తుందో, దేన్ని చూడదో తెలియకుండా వాడితే నంబర్ తగ్గుతుంది, చిక్కు మాత్రం ఎక్కడికీ పోదు. ఆ రోజు వాడికి కాగితం మీద గీసి చెప్పినదాన్నే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఫంక్షన్ అంటే ఏదో ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క. ముందు మా ఫంక్షన్ చేసే పనేమిటో చూద్దాం. ఒక గడి ఇస్తే దాని రంగు చెప్పాలి. సీటు బుక్ అయిపోయిందా? అయితే, బుక్ చేసుకున్నది ఆడవాళ్లైతే గులాబీ, కాకపోతే బూడిద. బుక్ కాలేదు కానీ ఎవరో హోల్డ్‌లో పెట్టారా? పెట్టింది నేనే అయితే గడువు దాటిందో లేదో చూడాలి. దాటితే ఎరుపు, దాటకపోతే ఆకుపచ్చ. పెట్టింది వేరేవాళ్లైతే పసుపు. హోల్డ్ కూడా లేదు, కానీ పక్క సీట్లో ఒక మహిళ ఉన్నందువల్ల ఇది లేడీస్ సీటు అయిందా? అయితే, బుక్ చేస్తున్నది మగవాళ్ల కోసమైతే నొక్కడానికి వీల్లేని లేత గులాబీ, ఆడవాళ్ల కోసమైతే గులాబీ అంచు. ఇవేవీ కాకపోతే తెలుపు. చెప్పుకుంటే ఇంతే. కోడ్‌లో మాత్రం ఇఫ్ (ఇలా అయితే) లోపల ఇఫ్, దానిలోపల ఇంకో ఇఫ్, ఎక్కడో కింద దాని తాలూకు ఎల్స్ (కాకపోతే).

కోడ్ చిక్కును కొలవడానికి 1976లో థామస్ మెకేబ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ప్రోగ్రామ్‌ను ఒక పటంగా గీసి చూశాడు. ఒక్కో కోడ్ ముక్క ఒక చుక్క. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు వెళ్లే దారి ఒక గీత. గీతల సంఖ్యలోంచి చుక్కల సంఖ్య తీసేసి 2 కలిపితే వచ్చేదే సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ. ఒక్క ఫంక్షన్ వరకు అయితే పటం గీసే పని కూడా లేదు, అందులో ఉన్న నిర్ణయాలు లెక్కపెట్టి 1 కలిపితే అదే జవాబు వస్తుంది. మన గడి ఫంక్షన్ అడిగే ప్రశ్నలు: బుక్ అయిందా, చేసింది ఆడవాళ్లా, హోల్డ్‌లో ఉందా, పెట్టింది నేనా, గడువు దాటిందా, లేడీస్ సీటా, ప్రయాణికుడు మగవాడా. మొత్తం 7. ఒకటి కలిపితే 8. మెకేబ్ సూచించిన హద్దు 10 కాబట్టి ఈ ఫంక్షన్ పాస్. ఇక్కడ 8 అంటే దీనిలో చివరికంటా నడవగల దారులు ఎనిమిది, ప్రతి దారినీ ఒక్కసారైనా నడిచి చూడాలంటే ఎనిమిది టెస్టులు కావాలి. టెస్టులు ఎన్ని రాయాలన్న ప్రశ్నకు ఇప్పటికీ ఇంతకంటే సూటైన లెక్క నాకు తెలియదు.

కానీ మావాడి బాధ టెస్టుల గురించి కాదు, చదవడం గురించి. మూడో మెట్టు లోపల ఉన్న ఎల్స్ దగ్గరికి వచ్చేసరికి పైన ఏయే షరతులు దాటి వచ్చామో గుర్తుపెట్టుకోవాలి. మెకేబ్ లెక్క దీన్ని పట్టించుకోదు. ఏడు ఇఫ్‌లు ఒకదాని కింద ఒకటి ఉన్నా 8, ఒకదాని కడుపులో ఒకటి ఉన్నా 8. ఆ లోటు తీర్చడానికి నాలుగు దశాబ్దాల తర్వాత, కోడ్‌ను తనిఖీ చేసే టూల్స్ తయారుచేసే సోనార్‌సోర్స్ కంపెనీలో జి. ఆన్ క్యాంప్‌బెల్ కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ అనే కొలతను రూపొందించింది. ఇందులో ఇఫ్‌కు 1. అది ఇంకోదాని లోపల ఉంటే, ఎంత లోతులో ఉంటే అంత అదనం. ఎల్స్‌కు, ఎల్స్ ఇఫ్‌కు లోతుతో పని లేకుండా 1. రెండు షరతులూ నిజం కావాలని కలిపే మాట అండ్. వరుసగా ఒకే రకం అండ్‌లు ఎన్ని ఉన్నా కలిపి 1.

కాగితం మీద లెక్క కట్టాం. బుక్ అయిందా, 1. దాని లోపల ఆడవాళ్లా, 2. దాని ఎల్స్, 1. ఇప్పటికి 4. హోల్డ్‌లో ఉందా అనే ఎల్స్ ఇఫ్, 1. లోపల నేనా, 2. ఇంకా లోపల గడువు దాటిందా, 3. దాని ఎల్స్ 1, నేనా అన్నదాని ఎల్స్ 1. ఇప్పటికి 12. లేడీస్ సీటా, 1. లోపల మగవాడా, 2. దాని ఎల్స్ 1. చివరి ఎల్స్ 1. మొత్తం 17. జావాస్క్రిప్ట్ కోడ్‌కు సోనార్ టూల్ రూల్ మామూలుగా పెట్టే హద్దు 15. ఒక లెక్కలో హాయిగా పాసైన ఫంక్షన్ ఇంకో లెక్కలో ఫెయిలైంది. మావాడి మొహంలో అప్పుడు కొంచెం ధైర్యం కనిపించింది. చిక్కు వాడి బుర్రలో లేదు, కోడ్‌లోనే ఉంది.

ఇలాంటప్పుడు అందరూ ముందు చేసే పని, ఒకదాని లోపల ఒకటి ఉన్న ఇఫ్‌లను బయటికి తీసి చదును చేయడం. బుక్ అయి ఉండి, చేసింది ఆడవాళ్లైతే గులాబీ అని అక్కడికక్కడే రిటర్న్, అంటే జవాబిచ్చి ఫంక్షన్ నుంచి బయటపడటం. ఊరికే బుక్ అయితే బూడిద అని రిటర్న్. హోల్డ్‌లో ఉండి, నాదై, గడువు దాటితే ఎరుపు. హోల్డ్‌లో ఉండి నాదైతే ఆకుపచ్చ. ఇలా ఏడు ఇఫ్‌లు ఒకదాని కింద ఒకటి వస్తాయి, వాటిలో నాలుగింటిలో అండ్‌లు ఉంటాయి. కాగ్నిటివ్ లెక్క 7, 4 కలిపి 11కు దిగింది. మరి సైక్లోమాటిక్? మెకేబ్ ఒక్కో అండ్‌ను కూడా ఒక నిర్ణయంగానే చూశాడు, జావాస్క్రిప్ట్ కోడ్‌ను తనిఖీ చేసే ఈఎస్‌లింట్ టూల్‌లోని కాంప్లెక్సిటీ రూల్ కూడా అలాగే లెక్కపెడుతుంది. మొత్తం అండ్‌లు 5, ఇఫ్‌లు 7, ఒకటి కలిపితే 13. చదవడం తేలికైంది, ఒక నంబర్ 17 నుంచి 11కు తగ్గింది, ఇంకో నంబర్ 8 నుంచి 13కు పెరిగింది.

మొదటిసారి చూసినవాళ్లు ఇక్కడే తికమక పడతారు. నిజానికి రెండూ అబద్ధం చెప్పడం లేదు. ఒకటి దారుల్ని లెక్కపెడుతోంది, ఇంకోటి చదివేవాడి తలనొప్పిని లెక్కపెడుతోంది. పైగా చదును చేసిన కోడ్‌లో రెండు లెక్కలకూ అందని కొత్త షరతు ఒకటి వచ్చి చేరింది, అది వరుస. బుక్ అయితే బూడిద అన్న లైను పొరపాటున పైకి జరిగితే గులాబీ అన్నది ఇక ఎప్పటికీ రాదు. ఈ రెండు నంబర్లలో ఏదీ దాన్ని పట్టుకోదు.

అసలు తగ్గింపు వేరే చోట దొరికింది. గడి రంగు ఒక్కటే కాదు కదా. నొక్కితే ఏం జరగాలి అన్నది ఇంకో ఫంక్షన్. కళ్లు కనిపించనివాళ్ల కోసం స్క్రీన్ రీడర్ చదివి వినిపించే మాట ఇంకో ఫంక్షన్. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లకూ ఆ మాటలే గడి మీద కనిపించాలి, కాబట్టి అది చిన్న విషయం కాదు. మా దగ్గర ఈ మూడు ఫంక్షన్లలోనూ అవే ఏడు ప్రశ్నలు, ముగ్గురు రాసినందువల్ల మూడు రకాలుగా ఉన్నాయి. ఒక దాంట్లో గడువు సంగతి అడగడమే మర్చిపోయారు. ఎర్రగా కనిపిస్తున్న సీటును స్క్రీన్ రీడర్ "మీ సీటు" అని చదివి వినిపించేది. ఎంతకాలం అలా ఉందో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అప్పుడు చేసింది ఇది. రంగు చెప్పడం మానేసి, ముందు గడి పరిస్థితికి ఒక పేరు పెట్టే ఫంక్షన్ రాశాం. "నాది, గడువు దాటింది", "వేరేవాళ్ల హోల్డ్", "లేడీస్, వీళ్లకు కుదరదు" లాంటి ఎనిమిది పేర్లు. ఏడు ప్రశ్నలూ ఆ ఒక్క చోటే ఉంటాయి. తర్వాత ఒక పట్టిక: ఎనిమిది వరుసలు, ఒక్కో వరుసలో రంగు, నొక్కొచ్చా లేదా, చదవాల్సిన మాట. స్క్రీన్ గీసే కోడ్ పేరు ఇచ్చి వరుస తెచ్చుకుంటుంది, అందులో ఒక్క ఇఫ్ కూడా లేదు. మునుపు మూడు చోట్ల ఉన్న ప్రశ్నల చెట్టు ఇప్పుడు ఒకే చోట ఉంది. జావాస్క్రిప్ట్‌కు టైపులు చేర్చిన టైప్‌స్క్రిప్ట్ భాషలో ఆ పేర్లను యూనియన్ టైప్‌గా, అంటే ఈ పేర్లలో ఏదో ఒకటే కావాలని రాసి, ప్రతి పేరుకూ వరుస ఉండాలని పట్టికకు టైప్ ఇస్తే, ఒక్క వరుస మర్చిపోయినా కోడ్ నడపకముందే, కంపైల్ దశలోనే తప్పు బయటపడుతుంది. బ్రౌజర్ తెరవకుండానే ఆ ఒక్క ఫంక్షన్‌ను టెస్ట్ చేయొచ్చు.

ఆ ఎనిమిది పేర్లను మూడుకో నాలుగుకో దించలేమా? దించలేం. 1986లో ఫ్రెడ్ బ్రూక్స్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త చేసిన విభజన ఇక్కడ పనికొస్తుంది. కొంత చిక్కు పనిలోనే పుట్టింది, కొంత మనం రాసే తీరు వల్ల వచ్చింది. రాత్రి బస్సులో ఒంటరిగా వెళ్లే ఆడపిల్ల పక్క సీటు ఎవరికి ఇవ్వాలన్నది లోకంలో ఉన్న నియమం. దాన్ని ఏ కోడర్ తగ్గించినా తప్పే. అదే నియమాన్ని మూడు చోట్ల మూడు రకాలుగా రాయడం మాత్రం మా సొంత నిర్వాకం.

మిగతా కొలతల గురించి ఒక ముక్క. 1977లో మారిస్ హాల్‌స్టెడ్ కోడ్‌లోని ఆపరేటర్లు (కూడిక లాంటి గుర్తులు), ఆపరాండ్లు (అవి పనిచేసే విలువలు) లెక్కపెట్టి కోడ్ పరిమాణాన్ని, శ్రమను అంచనా వేసే సూత్రాలు ఇచ్చాడు. ఆ పరిమాణాన్ని, సైక్లోమాటిక్ నంబర్‌ను, లైన్ల సంఖ్యను కలిపి మెయింటెయినబిలిటీ ఇండెక్స్, అంటే కోడ్‌ను చూసుకోవడం ఎంత తేలికో చెప్పే నంబర్ తీస్తారు. కోడ్ రాసే సాఫ్ట్‌వేర్ విజువల్ స్టూడియో దాన్ని 0 నుంచి 100 వరకు చూపించి 20, ఆపైన ఉంటే పచ్చగా వెలిగిస్తుంది. స్క్రీన్ కోడ్ విషయంలో ఈ కలగూరగంప నంబర్ల వల్ల నాకు ఒక్కసారి కూడా మేలు జరగలేదు. నంబర్ పడిపోయిందని తెలుస్తుంది కానీ ఎందుకు పడిందో, ఏం చేయాలో చెప్పదు.

ఇక అసలు ప్రమాదం గురించి. స్క్రీన్ కోడ్‌లో పెద్ద చిక్కు ఏ ఒక్క ఫంక్షన్‌లోనూ ఉండదు, ఫ్లాగుల్లో, అంటే అవును, కాదు అని గుర్తుపెట్టుకునే విలువల్లో (బూలియన్‌లు) ఉంటుంది. మా బుకింగ్ స్క్రీన్‌లో ఐదు బూలియన్‌లు ఉండేవి: లోడ్ అవుతోందా, ఎర్రర్ వచ్చిందా, సీటు హోల్డ్‌లో ఉందా, గడువు దాటిందా, పేమెంట్ నడుస్తోందా. ఒక్కోటి అవును, కాదు అని రెండు రకాలు. ఐదు కలిస్తే 32 రకాల పరిస్థితులు. మనిషి కంటితో చూసే పరిస్థితులు మాత్రం ఆరే: సీట్లు వస్తున్నాయి, ఎంచుకుంటున్నారు, హోల్డ్‌లో ఉంది, పేమెంట్ నడుస్తోంది, గడువు దాటింది, తప్పు జరిగింది. మిగతా పరిస్థితులు ఎవరూ ఉండాలని కోరుకోలేదు, వాటికి పేర్లు కూడా లేవు. కానీ కోడ్ వాటిలోకి వెళ్లగలదు. ఈ ఫ్లాగులను వాడే ఫంక్షన్లన్నీ రెండు మూడు లైన్లవి, కాంప్లెక్సిటీ రిపోర్టులో అన్నీ పచ్చగా ఉన్నవే.

ఒక సంక్రాంతి వారంలో ఆ పేరులేని పరిస్థితుల్లో ఒకటి బయటపడింది. మారతహళ్లి పీజీలో ఉండే ఒక అమ్మాయి ఒంగోలు బస్సులో సీటు పట్టుకుంది. పే నొక్కింది, యూపీఐ యాప్‌లోకి వెళ్లింది, పిన్ కొట్టేలోపు నెట్ ఆగిపోయింది. ఈలోపు హోల్డ్ గడువు తీరిపోయింది. పేమెంట్ నడుస్తోంది అనేదీ, గడువు దాటింది అనేదీ ఒకేసారి అవును అయ్యాయి. పేమెంట్ నడుస్తుంటే రంగు మార్చొద్దని ఎవరో ఎప్పుడో రాసిన లైను వల్ల గడి ఆకుపచ్చగానే ఉండిపోయింది. డబ్బు కట్ అయింది, సీటు ఇంకొకరికి వెళ్లిపోయింది. డబ్బు తర్వాత వెనక్కి వచ్చింది కానీ భోగి నాటికి ఊళ్లో ఉండాలనుకున్న మనిషికి ఆ డబ్బు దేనికి? కస్టమర్ కేర్ వాళ్లు పంపిన కాల్ రికార్డింగ్ విన్నాను. ఆ అమ్మాయి కోప్పడలేదు, "మరి ఇప్పుడు నేనెలా వెళ్లాలి" అని మాత్రం అడిగింది.

ఆ రాత్రి టెన్షన్‌లో మేం చేసింది ఆరో ఫ్లాగ్ పెట్టడం. బగ్ పోయింది. 32 కాస్తా 64 అయింది.

పండగ అయ్యాక కూర్చుని సరిగా చేశాం. ఐదారు బూలియన్‌లు తీసేసి స్క్రీన్‌కు ఒకే ఒక స్టేట్, అంటే ఇప్పుడున్న పరిస్థితి పేరు పెట్టాం. ఆ ఆరు పేర్లలో ఒక సమయంలో ఒక్కటే ఉండగలదు. తర్వాత తెల్లబోర్డు మీద అడ్డంగా ఆరు స్టేట్‌లు, నిలువుగా ఐదు సంఘటనలు రాశాం: సీటు నొక్కడం, పే నొక్కడం, గడువు తీరడం, సర్వర్ జవాబు రావడం, వెనక్కి వెళ్లడం. మొత్తం 30 గళ్లు. ఫ్లాగులతో అదే బోర్డు గీయాలంటే 32ను ఐదుతో హెచ్చవేసి 160 గళ్లు గీయాల్సి వచ్చేది. అందుకే అంతకుముందు ఎవరూ గీయలేదు. ముప్పైలో చాలావాటిలో "ఏమీ చేయకు" అని రాశాం. పేమెంట్ నడుస్తుండగా గడువు తీరితే అన్న గడి దగ్గర మాత్రం గది నిశ్శబ్దం అయిపోయింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ ప్రశ్న కోడర్లది కాదు, ప్రొడక్ట్ వాళ్లది, సర్వర్ వాళ్లది. చివరికి పే నొక్కగానే ముందు హోల్డ్ పొడిగించమని సర్వర్‌ను అడగాలని, అది ఒప్పుకుంటేనే యూపీఐకి పంపాలని తేల్చారు. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. విమానాల ఎలక్ట్రానిక్స్ మీద పనిచేస్తూ డేవిడ్ హారెల్ స్టేట్‌చార్ట్‌లకు (పరిస్థితుల్ని, వాటి మధ్య మార్పుల్ని చూపే పటాలకు) రూపం ఇచ్చాడు, 1987లో ఆ పేపర్ వచ్చింది. దాని కోసం లైబ్రరీ ఏదీ కొనక్కర్లేదు, ఒక బోర్డు, ఒక మార్కర్ చాలు.

కాలం వల్ల వచ్చే చిక్కు ఇంకోటుంది, దాన్నీ ఏ నంబర్ పట్టుకోదు. ఎవరో 14వ సీటు నొక్కి, వెంటనే మనసు మార్చుకుని 15 నొక్కుతారు. 15 జవాబు ముందు వచ్చి, 14 జవాబు ఆలస్యంగా వస్తే స్క్రీన్ మీద 14 మిగిలిపోతుంది. ఆ జవాబు అందుకునే ఫంక్షన్‌లో ఒక్క ఇఫ్ కూడా లేదు, కాంప్లెక్సిటీ 1. ప్రతి రిక్వెస్ట్‌కూ ఒక వరుస నంబర్ ఇచ్చి, పాతదాని జవాబు వస్తే పక్కన పడేయాలి. అంటే ఇక్కడ కోడ్ సరిగా ఉండాలంటే నంబర్ పెరగాలి. స్క్రీన్లు రాయడానికి వాడే రియాక్ట్ లైబ్రరీలో ఒక ఎఫెక్ట్ (ఏదైనా మారినప్పుడు తనంతట నడిచే కోడ్) ఒక స్టేట్‌ను మార్చి, ఆ మార్పు ఇంకో ఎఫెక్ట్‌ను లేపే గొలుసులు కూడా ఈ కోవలోవే. ఒకదాన్నుంచి లెక్కకట్టి తెచ్చుకోగల విలువను విడిగా దాచుకోకపోతే ఆ గొలుసు సగం తెగిపోతుంది.

నంబర్‌ను మాత్రమే చూసి తగ్గిస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఆ 17 చూసిన మర్నాడే మావాడు ఉత్సాహంగా పుల్ రిక్వెస్ట్ పంపాడు, అంటే తన మార్పును చూసి ఒప్పుకోమని అడిగాడు. ఫంక్షన్‌ను నాలుగు ముక్కలు చేశాడు, ఒక్కోటి 5 లోపే. వాటి పేర్లు గడిరంగు ఒకటి, గడిరంగు రెండు, అలా నాలుగు దాకా. ఒక్కోదానికి ఆరు పారామీటర్లు, అంటే బయటి నుంచి ఇవ్వాల్సిన విలువలు. చదవాలంటే ఇప్పుడు నాలుగు ఫైళ్లు తెరవాలి. కొలతను లక్ష్యంగా పెట్టుకుంటే కొలత పాడైపోతుందని ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరుతో చెప్పుకుంటున్నది ఇదే. వాడిని ఒకటే అడిగాను: "రెండో ముక్క ఏం చేస్తుందో 'ఇంకా', 'అలాగే' లేకుండా ఒక్క మాటలో చెప్పు." చెప్పలేకపోయాడు. మాటలో చెప్పగలిగిన ముక్కనే విడదీయమని రివ్యూ వెనక్కి పంపాను.

పాత కోడ్‌ను మార్చేటప్పుడు భయం సహజం. దానికి మా దగ్గర పనిచేసిన మందు చాలా మొరటుది. ఏడు ప్రశ్నలకు అవును, కాదు అని రెండేసి జవాబులు, అంటే 128 కలయికలు. ఆ 128నీ పాత ఫంక్షన్‌కు ఇచ్చి, వచ్చిన రంగుల్ని ఒక ఫైల్‌లో దాచాం. జరగడానికి వీల్లేని కలయికలు కూడా ఉంటాయి, ఉండనివ్వండి. కొత్తది రాశాక అవే 128 ఇచ్చి, రెండు జాబితాలనూ పోల్చాం. కంప్యూటర్‌కు అది కనురెప్పపాటు పని. తేడా వచ్చిన ప్రతి చోటా ఆగి, పాతది తప్పా కొత్తది తప్పా అని మనుషులు తేల్చారు.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది కాంప్లెక్సిటీ రిపోర్టు ఒక్కటే చెప్పలేదు. దాని పక్కన గిట్ చరిత్ర, అంటే కోడ్‌లో జరిగిన ప్రతి మార్పును దాచే చిట్టా పెట్టాలి. ఒక్కో ఫైల్ గత ఆరు నెలల్లో ఎన్ని కమిట్లలో (దాచిన మార్పుల్లో) మారిందో లెక్కపెట్టి, దాన్ని చిక్కు నంబర్ పక్కన వేసి చూడాలి. కోడ్ చరిత్రను విశ్లేషించే రచయిత ఆడమ్ టార్న్‌హిల్ ఇలాంటి చోట్లను హాట్‌స్పాట్‌లంటాడు. రెండూ ఎక్కువగా ఉన్న ఫైళ్లు మా మాడ్యూల్‌లో మూడే తేలాయి, బగ్‌లు కూడా ఎక్కువగా వాటిలోవే. ఈఎస్‌లింట్ కాంప్లెక్సిటీ రూల్ మామూలు హద్దు 20. పాత ప్రాజెక్టులో దాన్ని ఒక్కసారిగా ఆన్ చేస్తే స్క్రీనంతా ఎర్రబడి, వారంలోపే ఎవరో ఆఫ్ చేస్తారు. అందుకే ప్రతి ఫైల్‌కూ ఇప్పుడున్న నంబర్‌నే హద్దుగా పెట్టాం, అది తగ్గొచ్చు, కారణం రాయకుండా పెరగకూడదు.

రిపోర్టులో అన్నిటికంటే పెద్ద నంబర్ బోర్డింగ్ పాయింట్ల మ్యాప్‌ది. కళాసిపాళ్యం, ఆనంద్ రావ్ సర్కిల్, మడివాళ, ఒక్కో చోటికీ ఒక్కో మినహాయింపు. "దాన్ని కూడా పట్టుకుందామా అక్కా?" అన్నాడు మావాడు. రెండేళ్లుగా దాన్ని ఎవరూ మార్చలేదు, దాని మీద ఫిర్యాదూ రాలేదు. వద్దన్నాను.

వాడికి మొదటి వారం ఇచ్చిన పని మాత్రం ఆ పట్టిక వచ్చాక మధ్యాహ్నం భోజనం లోపే అయిపోయింది. పేరు తేల్చే ఫంక్షన్‌లో ఒక ఇఫ్, పట్టికలో "నాది, నిమిషం మిగిలింది" అని ఒక వరుస: నారింజ రంగు, నొక్కొచ్చు, చదవాల్సిన మాట "మీ సీటు, ఒక నిమిషం మిగిలింది". సైక్లోమాటిక్ 8 నుంచి 9 అయిందని ఈఎస్‌లింట్ ఆపింది. కారణం రాయాల్సిన చోట "గడువు తీరే ముందు ప్రయాణికులకు తెలియాలి" అని రాశాడు. నేను అప్రూవ్ చేశాను.